తాండా బడి కమిటీ కుర్చీ: ఎక్కడి నుంచి వచ్చింది, ఎటు పోతోంది



మన గ్రూపులో ఠాను నాయక్ గురించి, కుమ్రం భీం గురించి మస్తు పోస్టులు వచ్చినయి. అన్నీ చదివిన, మా హాస్టల్ దోస్తులకు కూడా పంపిన. ఇవాళ నేను రాసేది అంత పెద్ద సంగతి కాదు. ఇందులో తుపాకులు లేవు, అమరులు లేరు. ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. తాండా బడిలో మీటింగు అయిన రోజు హెచ్ఎం సార్ పక్కన వేసే కుర్చీ, అంటే బడి కమిటీ ఛైర్మన్‌ది. సర్పంచ్ ఎలక్షన్ వచ్చిందంటే మన తాండాల్లో ఎవరూ నిద్రపోరు. పుణెలో ఉన్నోళ్లకు, హైదరాబాద్‌లో మేస్త్రీ పని చేసేటోళ్లకు బస్సు కిరాయి ఇచ్చి మరీ పిలిపిస్తరు. అదే బడి కమిటీ ఎన్నిక ఎప్పుడు జరిగిందని అడగండి, పదిమందిలో ఒకరు కూడా చెప్పలేరు. ఆ కుర్చీ మన దాకా రావడానికి నలభై ఏండ్లు పట్టింది. అందుకే దాని కథ రాయాలనిపించింది. పొడుగు పోస్టే, ఓపికగా చదవండి.

మీ ఊరి బడి బోర్డు ఒకసారి గుర్తు చేసుకోండి. చిన్న బడి మీద "మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల" అని, పెద్ద బడి మీద "జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల" అని ఉంటది. ప్రభుత్వ బడే అయినప్పుడు "పరిషత్" అని ఎందుకు రాస్తరు? పరిషత్ అంటే జనం ఓట్లతో ఏర్పడే సంస్థ. అంటే ఆ బడి ఓట్లేసే వాళ్లదని బోర్డే చెబుతోంది. దీని మొదలు మన పాలమూరు జిల్లాలోనే ఉంది.

1957లో బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ ఒక రిపోర్టు ఇచ్చింది. ఊళ్ల అభివృద్ధి పనులు ఆఫీసర్ల చేతిలో కాదు, ఎన్నికైన వాళ్ల చేతిలో పెట్టాలన్నది దాని సారం. 1959 అక్టోబర్ 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించిండు. తొమ్మిది రోజుల తర్వాత, అక్టోబర్ 11న, అదే నెహ్రూ మన షాద్‌నగర్‌కు వచ్చి ఆంధ్రప్రదేశ్‌లో మొదటి పంచాయతీ సమితిని ప్రారంభించిండు. షాద్‌నగర్ అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు ఆ రోడ్డు మీద పోతుంటే కంపెనీల షెడ్లు, ప్లాట్ల బోర్డులే కనబడతయి గాని, గ్రామీణ పాలన చరిత్రలో అది పెద్ద జాగా.

ఆ 1959 చట్టంతో ప్రాథమిక బడులు సమితుల కిందికి, హైస్కూళ్లు జిల్లా పరిషత్తుల కిందికి వచ్చినయి. పంతుళ్ల ఉద్యోగాలు, బదిలీలు, బడి గదులు అన్నిట్లో సమితి మాట నడిచేది. సమితి ప్రెసిడెంట్ అంటే పంతుళ్లకు భయం ఉండేదని పెద్దలు చెప్తరు.

మరి ఆ సమితిలో మనోళ్లు ఎవరున్నరు? సర్పంచులు సమితి మెంబర్లు. కానీ తాండాకు సర్పంచ్ ఎక్కడిది? తాండా అంటే అప్పుడు ఏదో ఒక పెద్దూరి పంచాయతీకి తోక. సర్పంచ్ ఆ ఊరి దొరో, పటేలో అయ్యేది. ఆడవాళ్లను, ఎస్సీ ఎస్టీలను కో-ఆప్షన్ ద్వారా తీసుకునే ఏర్పాటు ఉండేది. కో-ఆప్షన్ అంటే జనం ఓటేసి పంపడం కాదు, అప్పటికే లోపల కూర్చున్నోళ్లు "నువ్వు రా" అని పిలవడం. పిలిచినోడి మాట దాటి మాట్లాడితే మళ్లోసారి పిలుపు ఉండదు.

లంబాడీలకు ఆ పిలుపు కూడా అందలేదు. ఆంధ్ర ప్రాంతంలో అప్పటికే ఎస్టీ లిస్టులో ఉన్న లంబాడీలు తెలంగాణలో మాత్రం లేరు. 1976లో పార్లమెంటు చట్టం సవరించింది, అది 1977 జులై నుంచి అమల్లోకి వచ్చింది. అంటే షాద్‌నగర్‌లో సమితి మొదలైన దినం నుంచి దాదాపు పద్దెనిమిదేండ్లు, నల్లగొండ, పాలమూరు తాండాలు సర్కారు లెక్కలో గిరిజనులే కావు. (నల్లమలలో చెంచులు మొదటి నుంచీ లిస్టులో ఉన్నరు. కానీ అడవిలోని పెంటల నుంచి సమితి మీటింగు దాకా వచ్చేదెవరు, తెచ్చేదెవరు? వాళ్ల కథ వేరేగా రాయాలె. అమ్రాబాద్ దిక్కు తమ్ముళ్లు ఎవరన్నా రాస్తే బాగుంటది.)

లిస్టులోకి వచ్చినంక మార్పు తొందరగానే వచ్చింది, పైన మాత్రం. 1978లో దేవరకొండ నుంచి రవీంద్ర నాయక్ అసెంబ్లీకి పోయిండు. ఇక్కడ నాకు విచిత్రంగా అనిపించేది ఇదే. మనకు ఎమ్మెల్యే ముందు వచ్చిండు, తర్వాత ఎంపీపీలు, జడ్పీటీసీలు వచ్చిన్రు. తాండాకు సొంత సర్పంచ్ మాత్రం 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత, 2019 జనవరి ఎన్నికల్లో వచ్చిండు. వెయ్యికి పైగా తాండాలు, గూడేలు అప్పుడు పంచాయతీలైనయి. అధికారం మనకు నెత్తి మీద నుంచి కాళ్ల దాకా దిగుకుంట వచ్చింది. నిచ్చెన అందరూ కింది మెట్టు నుంచి ఎక్కుతరు, మనకు పై మెట్టు ముందు చూపెట్టిన్రు.

మధ్యలో 1986 చట్టంతో ఎన్టీఆర్ సమితులు తీసేసి మండలాలు పెట్టిండు. సమితి బడి మండల పరిషత్ బడి అయింది. బోర్డు మీద పేరు అప్పటిదే. తర్వాత 73వ రాజ్యాంగ సవరణ వచ్చి, పంచాయతీరాజ్ సంస్థలకు ఇవ్వాల్సిన 29 అంశాల్లో ప్రాథమిక, మాధ్యమిక విద్యను కూడా చేర్చింది. జిల్లా పరిషత్‌లో విద్య, వైద్యానికి ఒక స్థాయీ సంఘం కూడా ఉంటది. కాగితం మీద అన్నీ బాగానే ఉన్నయి. కానీ తాండా బడికి పంతులు రాకపోతే జడ్పీ స్థాయీ సంఘం దాకా పోయి అడిగిన తల్లి ఎవరన్నా ఉన్నదా? నాకైతే తెలవదు.

బడి దగ్గరే, పిల్లల తల్లిదండ్రులే ఓటేసుకునే కుర్చీ 1998లో వచ్చింది. ఆ ఏడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యం అని ఒక చట్టం చేసింది. జనం నోట్లో అది "విద్యా కమిటీ". ఊరి పెద్ద కాదు, భూమి ఉన్నోడు కాదు, ఆ బడిలో బిడ్డ చదువుతున్న తల్లో తండ్రో మెంబర్ కావాలన్నది అందులో కొత్త సంగతి. విద్యా వాలంటీర్లను పెట్టుకోవడంలో, గదులు కట్టించడంలో ఈ కమిటీల చెయ్యి ఉండేసరికి చాలా ఊళ్లల్లో పార్టీలు దిగినయి. ఛైర్మన్ పదవికి కొట్లాటలైనయి, కాంట్రాక్టర్లు వచ్చి కూర్చున్నరు. అందుకే ఆ కాలపు పంతుళ్లు ఇప్పటికీ "విద్యా కమిటీ" అంటే మొహం చిట్లిస్తరు. వాళ్ల బాధలో నిజం లేదనను. అయినా ఒక్కటి మాత్రం అంటా. కొట్లాట జరిగిందంటే ఆ కుర్చీకి విలువ ఉన్నట్టే. ఇప్పుడు ఎవరూ కొట్లాడుతలేరు.

ఆ తర్వాత విద్యాహక్కు చట్టం వచ్చింది. 2009లో పాసై 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అందులో సెక్షన్ 21 మన కోసమే రాసినట్టు ఉంటది. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలె. సగం మంది ఆడవాళ్లు ఉండాలె. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ల సంఖ్యకు తగ్గట్టు చోటు ఉండాలె. మన రాష్ట్ర రూల్స్ ఇంకా ముందుకు పోయి తరగతికి ముగ్గురు తల్లిదండ్రులను ఎన్నుకోవాలన్నయి. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లు. ఛైర్మన్, వైస్ ఛైర్మన్‌లను ఈ తల్లిదండ్రుల్లో నుంచే ఎన్నుకోవాలె. హెచ్ఎం మెంబర్ కన్వీనర్. వార్డు మెంబర్, అంగన్‌వాడీ టీచర్, ఏఎన్‌ఎం లాంటి వాళ్లు హోదా వల్ల మెంబర్లు.

ఒకసారి ఆలోచించండి. మన తాండా పంచాయతీలో నాయక్, డావో, కారోబారి అందరూ మగోళ్లే. పెండ్లి తగాదా అయినా, తప్పు కట్టే పంచాయితీ అయినా ఆడవాళ్లు దూరం నుంచి వినుడే. అట్లాంటి తాండాలోకి ఒక చట్టం వచ్చి, ఈ కమిటీలో సగం యాడీలే కూర్చుంటరు, ఓటేసి గెలిచి కూర్చుంటరు అన్నది. చదువు రావాలన్న షరతు లేదు, బిడ్డ ఆ బడిలో చదివితే చాలు. చదువులేని తల్లికి ఓటు ద్వారా దొరికే కుర్చీ ఇంతకంటే దగ్గర్లో ఇంకోటి లేదు.

రూల్స్ రాసినోళ్లు తాండా బడిని చూసినట్టు లేదు గాని. అయిదు తరగతులకు ముగ్గురు చొప్పున పదిహేను మంది తల్లిదండ్రులు కావాలె. బడిలో ఉన్నదే పన్నెండు మంది పిల్లలు, అందులో నలుగురు ఒకే ఇద్దరి పిల్లలు అయితే? రెండో తరగతిలో ఒక్కడే పిలగాడు ఉంటే ముగ్గురు ఎక్కడి నుంచి వస్తరు? అట్లాంటి చోట ఉన్న తల్లులందరి పేర్లూ రాసేస్తే ఎన్నిక అయిపోయినట్టే.

మా యాడి కూడా అట్లనే మెంబర్ అయింది. 2019 నవంబర్‌లో. నేనప్పుడు బయట హాస్టల్‌లో ఉండి తొమ్మిది చదువుతున్న, తమ్ముడు తాండా బడిలో మూడు. దేవరకొండ దిక్కు నవంబర్ అంటే పత్తి ఏరే కాలం. పొద్దున ఏడింటికే ఆటోలు కూలోళ్లను నింపుకుని పోతయి. ఎన్నిక పెట్టింది పొద్దున పదింటికి. ఎవరు వస్తరు? సాయంత్రం పిలగాడి చేత కబురు పంపితే యాడి పోయి రిజిస్టర్లో వేలిముద్ర వేసి వచ్చింది. దేనికి వేసినవ్ అని ఫోన్‌లో అడిగితే, "బియ్యం సంగతేమో" అన్నది. ఎన్నిక ఏకగ్రీవం అని రాసుకున్నరు. అబద్ధం కాదు, ఎవరూ వ్యతిరేకించలేదు మరి.

కథ అక్కడితో అయిపోలేదు. ఉన్న ఒక్క పంతులును డిప్యుటేషన్ మీద వేరే బడికి పంపిన్రు. వారానికి మూడు రోజులే తాండాకు వచ్చేటోడు. పిల్లలు తగ్గుతున్నరు, బడిని పెద్దూరి బడిలో కలుపుతరన్న మాట పుట్టింది. పెద్దూరికి పోవాలంటే మెయిన్ రోడ్డు దాటాలె. సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చి నేను యాడితో అన్న, "నువ్వు కమిటీ మెంబర్‌వి. మీటింగు పెట్టమని అడుగు, తీర్మానం రాయించు." యాడి ఇంకో ముగ్గురు తల్లులను తీసుకుని పోయింది. వాళ్లు అడిగింది ఒక్కటే: మా మాట బుక్కులో రాయండి. సార్ మంచోడే, రాసిండు. రెండు పేజీల అర్జీ తయారైంది, దాని కింద నాలుగు వేలిముద్రలు, ఒక సంతకం. విద్యాహక్కు చట్టం షెడ్యూల్ ప్రకారం అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి కూడా ఇద్దరు టీచర్లు ఉండాలె. ఆ వాక్యం నేనే రాసిచ్చిన. రెండో టీచర్ రాలేదు. పంతులు మాత్రం ఆరు రోజులు రావడం మొదలైంది, బడి కలిపే మాట ఆగింది. తీర్మానం వల్లనేనా, ఇంకేదన్నా కారణమా, నేను చెప్పలేను. కొన్ని నెలలకే కరోనా వచ్చి అన్ని బడులూ మూతపడ్డయి, అది వేరే సంగతి.

సెక్షన్ 22 గురించి మనోళ్లకు అసలే తెలవదు. కమిటీ బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చెయ్యాలె, ప్రభుత్వం ఇచ్చే నిధులకు ఆ ప్రణాళికే ఆధారం కావాలె అని చట్టంలో ఉంది. చాలా చోట్ల ఆ ప్రణాళిక హెచ్ఎం ఒక్కడే కూర్చుని నింపే ఫారం. 2022 మార్చి 8న వనపర్తిలో "మన ఊరు మన బడి" మొదలు పెట్టినప్పుడు 26 వేలకు పైగా బడులకు 7,289 కోట్లు అన్నరు. ఆ పనులు ఈ కమిటీల ద్వారానే నడవాలన్నరు. ఒక్కసారిగా కుర్చీకి బరువు వచ్చింది. ఏండ్ల కింద "ఎవరో ఒకరు" అని పేరు రాయించుకున్న ఛైర్మన్ల ముందుకు లక్షల రూపాయల బిల్లులు వచ్చినయి. ఎవరు వాళ్ల వెనక నిలబడి సంతకం పెట్టించిన్రో మీ మీ ఊళ్లల్లో మీకే తెలుసు.

ఇంగ్లండ్ సంగతి ఒకటి చెప్త. 1870లో అక్కడ ఒక విద్యా చట్టం వచ్చింది. చాలా చోట్ల స్కూల్ బోర్డులు పెట్టి వాటికి ఎన్నికలు పెట్టిన్రు. అప్పటికి అక్కడి ఆడవాళ్లకు పార్లమెంటు ఓటు లేదు, అది 1918 దాకా రాలేదు. కానీ స్కూల్ బోర్డుకు ఆడవాళ్లు పోటీ చెయ్యొచ్చు. ఆ ఏడే లండన్ బోర్డుకు ఎలిజబెత్ గారెట్ అనే డాక్టరమ్మ, ఎమిలీ డేవిస్ అనే ఆమె గెలిచిన్రు. బెంజమిన్ లూక్రాఫ్ట్ అనే వడ్ల పనాయన కూడా గెలిచిండు. ఓటు పద్ధతి ఇంకా బాగుంది. ఎన్ని సీట్లుంటే ఒక్కొక్కరికి అన్ని ఓట్లు. అవన్నీ ఒక్కరికే గుద్దొచ్చు. తక్కువ సంఖ్యలో ఉన్నోళ్లు కట్టుగా ఉంటే ఒక్కరినన్నా గెలిపించుకోవచ్చన్నమాట. పెద్దూరి హైస్కూల్‌లో తాండా పిల్లలు నలుగురిలో ఒకరు ఉన్నప్పుడు, చేతులెత్తే ఎన్నికలో మన తల్లి ఎట్లా గెలుస్తది? ఇట్లాంటి పద్ధతి ఉంటే గెలుస్తది.

ఆ బోర్డులను 1902 చట్టంతో రద్దు చేసిన్రు, లండన్‌లో మాత్రం 1904 దాకా నడిచింది. పని కౌంటీ కౌన్సిళ్లకు అప్పజెప్పిన్రు. ఆ కౌన్సిళ్లకు అప్పట్లో ఆడవాళ్లు పోటీ చెయ్యడానికి లేదు. అందుకే విద్యా కమిటీల్లోకి ఆడవాళ్లను కో-ఆప్షన్ మీద తీసుకున్నరు. ముప్పై ఏండ్లు ఓట్లతో గెలిచి కూర్చున్నోళ్లు మళ్ల పిలుపు కోసం చూడాల్సి వచ్చింది. షాద్‌నగర్ కాలంలో మనోళ్లకు ఎరుకైన ఆ కో-ఆప్షనే అక్కడ ఎన్నిక పోయినంక వచ్చింది.

ఇది ఎందుకు చెప్తున్నానో మీకు తెలిసే ఉంటది. 2024లో మన దగ్గర అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చినయి. మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు ఛైర్‌పర్సన్, హెచ్ఎం మెంబర్ కన్వీనర్. ఆ ఎండాకాలం బడులు తెరిచే లోపు నీళ్లు, టాయిలెట్లు, కరెంటు పనులు వీళ్ల చేతుల మీదుగా జరిగినయి. యూనిఫాంలు కుట్టే పని సంఘాల ఆడవాళ్లకు ఇచ్చిన్రు, మా తాండాలో కుట్టు మిషన్ ఉన్న అక్కలకు నాలుగు పైసలు వచ్చినయి. మంచి చేసినదాన్ని మంచిదనే అంటా. సంఘం లీడర్లు బ్యాంకు మేనేజర్‌తో మాట్లాడి అలవాటున్నోళ్లు, హెచ్ఎం ముందు మా యాడి లెక్క తలొంచుకోరు.

కానీ ఆమెను ఛైర్‌పర్సన్‌గా ఎన్నుకున్నది పిల్లల తల్లిదండ్రులు కాదు. ఆమె సమాఖ్యకు అధ్యక్షురాలు కాబట్టి బడికి ఛైర్‌పర్సన్ అయింది. ఆమె బిడ్డ ఆ బడిలో చదవకపోవచ్చు, పట్నంలో ప్రైవేటు బడిలో చదవొచ్చు. కొన్ని తాండాల సంఘాలు పెద్దూరి సమాఖ్యలోనే కలిసి ఉంటయి, అక్కడ అధ్యక్షురాలు తాండా మనిషి అయ్యేది అరుదు. అంటే తాండాకు సొంత సర్పంచ్ వచ్చినంక కూడా, బడి కుర్చీ మళ్ల పెద్దూరి దిక్కు జరిగే దారి ఉంది. కేంద్ర చట్టంలో సెక్షన్ 21 అట్లనే ఉంది, దాన్ని ఎవరూ తీసెయ్యలేదు. తల్లిదండ్రులు ఎన్నుకున్న కమిటీ ఉండాలని అడిగే హక్కు కూడా అట్లనే ఉంది. అడిగేటోళ్లు కావాలె.

మనలో కొందరు అంటరు, "సర్పంచ్‌కో, ఎంపీటీసీకో నిలబడాలె గాని బడి కమిటీ ఏంది, చిల్లర పదవి" అని. సర్పంచ్ సీటుకు ఎంత ఖర్చయితదో మీరు చూసే ఉంటరు. మందు, మటన్, ఓటుకింత అని. అప్పు తెచ్చి గెలిచినోడు అయిదేండ్లు అప్పే తీరుస్తడు. బడి కమిటీకి ఒక్క రూపాయి అక్కర్లేదు. ఆ రోజు ఎన్నిక టైమును సాయంత్రానికి మార్చమని ఒక దరఖాస్తు, పత్తికి పోయే తల్లులకు ముందు రోజు రాత్రి ఇంటింటికీ చెప్పి రావడం, అంతే ఖర్చు. మనం డిగ్రీ చదివేటోళ్లం, ఇంకా పిల్లల తల్లిదండ్రులం కాదు, నిలబడలేం. మన అక్కలు, వదినలు నిలబడొచ్చు. వాళ్ల పక్కన కూర్చుని మినిట్స్ చదివి వినిపించొచ్చు.

ఇంకో చిన్న పని. ఈసారి ఇంటికి పోయినప్పుడు మీ తాండా బడి కమిటీ రిజిస్టర్ చూపించమని అడగండి. చూపించకపోతే సమాచార హక్కు కింద కాపీ అడగొచ్చు, ఊరి స్థాయిలో దానికి ఫీజు కూడా లేదు. 1998 తర్వాతి పాత విద్యా కమిటీల పుస్తకాలు కొన్ని బడుల బీరువాల్లో ఇంకా ఉన్నయి, చెదలు పట్టిపోతున్నయి. ఎవరు మెంబర్లు, ఎంతమంది తాండా వాళ్లు, ఎంతమంది ఆడవాళ్లు, ఏ నెలలో ఏ టైముకు ఎన్నిక పెట్టిన్రు, "ఏకగ్రీవం" అని ఎన్నిసార్లు రాసిన్రు, ఇవి నోట్ చేసుకోండి. మనుషుల పేర్లు కొట్టేసి తాండా, మండలం, సంవత్సరం మాత్రం రాసి కింద కామెంట్లో పెట్టండి. మా మండలంలో తొమ్మిది తాండా బడులవి నేను చూస్తున్న, దసరా సెలవుల్లో నాలుగు అయినయి. మిగతా అయిదు సంక్రాంతికి చూస్త.